ఐరిష్, స్కాటిష్, వెల్ష్ పేర్లు రాసినట్టు ఎందుకు పలకరు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా సెప్టెంబరు వచ్చిందంటే డబ్లిన్‌లో కొత్తగా దిగిన మన పిల్లల ఫోన్లు మొదలవుతాయి. గది దొరికిందా, బ్యాంకు ఖాతా తెరిచావా అన్న మాటలయ్యాక తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "అక్కా, మా ప్రొఫెసర్ పేరు ఎలా పలకాలి?" ఒక్కో అక్షరం చదివి వినిపిస్తారు. ఆసుపత్రుల్లో చేరిన నర్సులదీ ఇదే సందేహం. ఇన్నేళ్ళుగా చెబుతున్న జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఫర్వాలేదు. పేర్ల రాతను చూపాల్సినచోట రోమన్ అక్షరాల పేర్లే వరుసగా రాశాను.

## పేరు మొదటిసారి కంటబడినప్పుడు

"కెల్టిక్" అనాలా, "సెల్టిక్" అనాలా?

భాషల గురించీ జాతుల గురించీ మాట్లాడేటప్పుడు కెల్టిక్. గ్లాస్గో ఫుట్‌బాల్ క్లబ్బు, బోస్టన్ బాస్కెట్‌బాల్ జట్టు మాత్రం సెల్టిక్, సెల్టిక్స్. కెల్టిక్ భాషల కుటుంబంలో రెండు శాఖలున్నాయి. ఐరిష్, స్కాటిష్ గాలిక్, మాంక్స్ ఒకటి. వెల్ష్, కార్నిష్, బ్రెటన్ ఇంకొకటి. రెండు శాఖల రాత పద్ధతులు వేరు. ఐరిష్ సూత్రం పట్టుకుని వెల్ష్ పేరు చదివితే కుదరదు.

అందరూ "నీవ్" అంటున్నారు, కాగితం మీద ఎన్-ఐ-ఏ-ఎమ్-హెచ్ అని ఉంది. పేరు తప్పు పడిందా?

తప్పు పడలేదు. ఐరిష్‌లో ఎమ్ పక్కన హెచ్ చేరితే "వ" పలుకుతుంది. ఐ-ఏ కలిసి "ఈ". కాబట్టి నీవ్. కాంతి అని అర్థం. ఓషీన్ అనే వీరుణ్ణి తెల్లగుర్రం మీద నిత్యయౌవనుల లోకానికి తీసుకువెళ్ళిన కథానాయిక పేరిది. ఐరిష్ రాతలో నియమాలు ఎక్కువ, మినహాయింపులు తక్కువ. ఇంగ్లిష్ స్పెల్లింగు నేర్చుకున్న మనకు ఇది అంతకంటే సులువుగా వస్తుందని నా నమ్మకం.

అక్షరాలు ఇంగ్లిష్‌వే కదా, ఇంగ్లిష్‌లా చదివితే ఏం పోయింది?

అవి రోమన్ అక్షరాలు, ఇంగ్లిష్ వాళ్ళ సొత్తు కాదు. మన పేర్లే చూడండి. సునీత అని రాయడానికి మనం చివర టి-హెచ్-ఏ పెడతాం. ఆ హెచ్ మనకు "ఇది ట కాదు, త" అని చెప్పే గుర్తు మాత్రమే. ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్ళు దాన్ని "థింక్"లో లాగా నాలుక పళ్ళ మధ్య పెట్టి పలుకుతారు. అప్పుడు మనకు ఎలా ఉంటుందో, ఎస్-ఐ-ఓ-బి-హెచ్-ఏ-ఎన్ పేరున్న మనిషిని "సియోభాన్" అన్నప్పుడు ఆమెకూ అలాగే ఉంటుంది.

నేను వచ్చిన కొత్తలో ఒక క్లినిక్ రిసెప్షన్‌లో పనిచేశాను. ఆ పేరునే మూడుసార్లు గట్టిగా పిలిచాను. ఎదుటి కుర్చీలోనే ఉన్న పెద్దావిడ, ఒళ్ళో గొడుగు పెట్టుకుని, నా ముఖం వైపే చూస్తూ కూర్చుంది. పిలుస్తున్నది తననేనని ఆమెకు తెలియలేదు. తర్వాతి పేరు పిలిచేశాను. ఆమె వంతు పోయింది. ఆ పేరు "షివాన్" అని ఆ సాయంత్రం తెలుసుకున్నాను. అప్పటినుంచి జాబితా చేతికి రాగానే పేర్లు ముందే అడిగి పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

## ఐరిష్ పేరు చదివేటప్పుడు

బి-హెచ్ అంటే "భ" కదా, "వ" ఎలా అయింది?

మన లెక్కలో హెచ్ అంటే ఒత్తు. ఐరిష్‌లో హెచ్ పని అందుకు పూర్తిగా ఎదురు: అది హల్లును మెత్తబరుస్తుంది. దీన్ని వాళ్ళు "షేవూ" అంటారు, మెత్తన చేయడమనే అర్థం. పెదవులు గట్టిగా మూసి పలికే "బ"ను కాస్త వదులు చేస్తే వచ్చేది "వ". "మ"ను వదులు చేసినా అంతే.

పాత అచ్చులో ఈ హెచ్ ఇంతగా కనపడేది కాదు. పాత ఐరిష్ అచ్చులో అక్షరం నెత్తిన ఒక చుక్క పెట్టేవారు. 20వ శతాబ్దం మధ్యలో మామూలు రోమన్ అచ్చుకు మారినప్పుడు చుక్క స్థానంలో హెచ్ స్థిరపడింది. అందుకే హెచ్ కనపడితే దాన్ని అక్షరంగా కాకుండా చుక్కగా చూడండి, పని సులువవుతుంది. బి-హెచ్, ఎమ్-హెచ్: వ. పి-హెచ్: ఫ. టి-హెచ్, ఎస్-హెచ్: ఉత్త హ. అందుకే సి-ఏ-టి-హెచ్-ఏ-ఎల్ అనే మగపిల్లవాడి పేరు "కహల్". ఎఫ్-హెచ్ అయితే శబ్దమే ఉండదు.

ఎస్ ఒక పేరులో "స", ఇంకో పేరులో "ష". ఏది ఎప్పుడు?

పక్కనున్న అచ్చును చూడాలి. ఈ, ఐ అక్షరాలు ఆనుకుని ఉంటే "ష". ఏ, ఓ, యు ఉంటే "స". షాన్, షివాన్, షినేడ్ అన్నిటిలోనూ ఎస్ వెంట ఈ గానీ ఐ గానీ ఉంటుంది. రోషీన్‌లో ఎస్‌కు రెండువైపులా ఐ ఉంటుంది.

ఇది మన నోటికి తెలియనిది కాదు. "చీమ" అనండి, తర్వాత "చాప" అనండి. రెండూ ఒకే చ రాస్తాం, పలికేవి రెండు. ఇ, ఎ ముందు తాలవ్య చ, అ, ఉ, ఒ ముందు దంత్య ౘ. ఐరిష్‌లో ఈ తేడా ఒక్క అక్షరానికి కాదు, దాదాపు హల్లులన్నిటికీ ఉంది. ప్రతి హల్లుకూ సన్నది, వెడల్పుది అని రెండు రూపాలు. సంప్రదాయ ఐరిష్ వర్ణమాలలో ఉన్నవి 18 అక్షరాలే. అన్ని శబ్దాలను వాటిలో ఇమడ్చడానికి, హల్లు ఏ రకమో చెప్పే కాపలాదారులుగా అచ్చులను నిలబెట్టారు. "సన్నదానితో సన్నది, వెడల్పుదానితో వెడల్పుది" అని అక్కడి బడిపిల్లలు వల్లెవేస్తారు. అంటే హల్లుకు ఇటువైపు ఏ రకం అచ్చు ఉంటే అటువైపూ అదే రకం ఉండాలి. పేరులో పలకని అచ్చులు అన్నేసి కనపడటానికి కారణం ఇదే.

ఏ-ఓ-ఐ మూడు అచ్చులూ కలిసి ఏమవుతాయి?

ఎక్కువమంది నోట "ఈ". ఏ-ఓ-ఐ-ఎఫ్-ఈ: ఈఫ. సి-ఏ-ఓ-ఐ-ఎమ్-హెచ్-ఈ: కీవ. ఉత్తరాన కొందరు "క్వీవ" అంటారు. పేరు చివర "ఈ" అనే రోమన్ అక్షరం ఉంటే దాన్ని "ఈ" అని పలకకూడదు, తేలిపోయే "అ" అనాలి.

సర్ష రోనన్ అనే నటి పేరుతో చాలామంది తికమకపడతారు. ఎస్-ఏ-ఓ-ఐ-ఆర్-ఎస్-ఈ. ఆమె తన పేరును "సర్ష" అంటుంది. అదే పేరున్న ఇంకొకరు "సీర్ష" అనొచ్చు, దక్షిణాన "సేర్ష" కూడా వినపడుతుంది. స్వేచ్ఛ అని అర్థం. పాతకాలపు పేరు కాదు; స్వాతంత్ర్యం వచ్చాక 20వ శతాబ్దంలో పిల్లలకు పెట్టడం మొదలైంది. మన స్వేచ్ఛ, స్వతంత్రల వంటి పేరే.

అచ్చుల మీద ఏటవాలు గీత ఉంది. వదిలేస్తే నష్టమా?

నష్టమే. ఆ గీత పేరు "ఫాద", అంటే పొడుగు. మన దీర్ఘం చేసే పనే అది చేస్తుంది. "కల", "కాల" ఒకటి కావు కదా. ఎస్-ఈ-ఏ-ఎన్‌లో ఏ మీద గీత ఉంటే "షాన్", మనిషి పేరు. గీత తీసేస్తే "షన్", అంటే ముసలి, పాత. స్కాటిష్ గాలిక్‌లో ఈ గీత ఎడమకు వాలి ఉంటుంది, ఐరిష్‌లో కుడికి. గీత చూసి పేరు ఏ దేశానిదో గుర్తుపట్టొచ్చు.

కంప్యూటర్లు గీతను మింగేయడం ఇక్కడ చాలాకాలం నలిగిన విషయం. ప్రభుత్వ కార్యాలయాలు పేర్లలోని ఫాదను సరిగ్గా నమోదు చేయాలని 2021లో భాషా చట్టానికి సవరణ కూడా తెచ్చారు. మీరు ఎవరి పేరైనా టైపు చేస్తుంటే, ఆల్ట్ జీఆర్ మీట నొక్కిపట్టి అచ్చు కొడితే ఐరిష్ కీబోర్డులో గీత వస్తుంది.

సిలియన్ మర్ఫీనా, కిలియన్ మర్ఫీనా?

కిలియన్. ఐరిష్, వెల్ష్ రెండింటిలోనూ సి ఎప్పుడూ "క". కియన్, కీరాన్, కీవ అన్నీ సి తోనే మొదలవుతాయి.

టి-ఏ-డి-హెచ్-జి. దీన్ని ఎవరైనా పలకగలరా?

పలకగలరు, ఒక్క అక్షరమంత సులువుగా: "తైగ్". ఏ-డి-హెచ్ కలిసి "ఐ" అవుతుంది. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు "టైగ్" అంటారు, "టైగర్"లో చివరి భాగం తీసేసినట్టు. ఐరిష్ మాతృభాషగా ఉన్న ఊళ్ళలో వినండి, అది మన "త"కే దగ్గర. వెడల్పు టి, డి లను వాళ్ళు నాలుక పళ్ళకు ఆనించి పలుకుతారు. ఇంగ్లిష్ వాళ్ళకు ఎంత ప్రయత్నించినా పట్టుబడని ఈ త, ద లు మనకు పుట్టుకతో వచ్చాయి.

డి-హెచ్, జి-హెచ్ లు పేరు మధ్యలోనో చివరో ఉంటే సాధారణంగా కరిగిపోతాయి. ఎఫ్-ఐ-ఏ-డి-హెచ్ అంటే "ఫీఅ". 2021లో ఐర్లండ్‌లో ఆడపిల్లలకు అందరికంటే ఎక్కువగా పెట్టిన పేరు ఇది. పురాణాల్లోని కొనాక్ట్ రాణి మేవ్ పేరు పాత పద్ధతిలో ఎమ్-ఈ-ఏ-డి-హెచ్-బి-హెచ్, ఏడక్షరాలు. పలికేది ఒక్క "మేవ్". 1940లలో జరిగిన రాత సంస్కరణ ఇలాంటి కరిగిపోయిన అక్షరాలను చాలావరకు తీసేసింది, కానీ ఇంటిపేర్లలో, తాతల పేర్లు నిలుపుకున్న కుటుంబాల్లో పాత రాత అలాగే ఉంది.

సి-ఓ-ఎల్-ఎమ్ అని రాసి "కాలమ్" అంటున్నారు. మధ్యలో "అ" ఎక్కడిది?

ల్, ర్, న్ ల తర్వాత కొన్ని హల్లులు వస్తే ఐరిష్ నోరు మధ్యలో చిన్న అచ్చు చేరుస్తుంది. డబ్లిన్‌లో సినిమాకు వెళ్ళేవాళ్ళను వినండి, "ఫిల్మ్" అనరు, "ఫిలమ్" అంటారు. మనం "ఫిలిం నగర్" అన్నట్టే! మన వ్యాకరణంలో దీనికి స్వరభక్తి అని పేరు. గాలిక్ భాషల మీద పరిశోధన చేసేవాళ్ళు కూడా సంస్కృతం నుంచి తెచ్చుకుని "స్వరభక్తి" అనే మాటనే వాడతారు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. స్కాట్లండ్‌కు గాలిక్ పేరు ఏ-ఎల్-బి-ఏ, పలికేది "అలప".

ఊళ్ళ పేర్లకూ ఇవే సూత్రాలా?

ఇవే. డబ్లిన్ తీరంలో డార్ట్ రైలు ఆగే ఒక స్టేషను పేరు రెండో మాటలో ఎల్-ఏ-ఓ-జి-హెచ్-ఏ-ఐ-ఆర్-ఈ అని ఉంటుంది. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు పలికేది "డన్ లీరీ". బస్సు నుదుటి మీద "అన్ లార్" అని కనపడితే అది ఊరు కాదు, నగరమధ్యం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది కార్క్ రేవులోని సి-ఓ-బి-హెచ్. పలికేది "కోవ్". ఇంగ్లిష్‌లో సముద్రపు చిన్న అఖాతానికి "కోవ్" అంటారు కదా, ఆ మాటనే ఐరిష్ పద్ధతిలో రాశారు. ఐరిష్‌లో దానికి వేరే అర్థమేమీ లేదు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ చివరిసారి ఆగింది ఈ రేవులోనే. అప్పటికి ఊరి పేరు క్వీన్స్‌టౌన్.

## స్కాట్లండ్, వేల్స్ పేర్ల దగ్గర

హేమిష్, షేమస్ ఒకే పేరంటారు. నిజమా?

నిజమే. రెండూ జేమ్స్ నుంచి వచ్చినవే. మనం రాముడిని పిలవాలంటే "రామా" అంటాం, కృష్ణుడిని "కృష్ణా" అంటాం. సంబోధనలో పేరు చివర మారుతుంది. గాలిక్‌లో సంబోధనకు ముందు "అ" చేరుతుంది, పేరు మొదటి హల్లు మెత్తబడుతుంది, చివరా మారుతుంది. స్కాట్లండ్‌లో షేమస్‌ను పిలిస్తే "అ హేమిష్". ఆ పిలుపు విన్న ఇంగ్లిష్ వాళ్ళు అదే పేరనుకున్నారు, అదే నిలిచింది. ఎమ్-హెచ్-ఏ-ఐ-ఆర్-ఐ అని రాసే "వారీ" కూడా ఇలా పుట్టిందే. అసలు పేరు మారీ, "అ వారీ" అనేది పిలుపు. ఐర్లండ్‌లో ఇప్పటికీ ఐరిష్ మాట్లాడే ఇంట్లో పాద్రిగ్ అనే పిల్లవాడిని అమ్మ "అ ఫాద్రిగ్" అని కేకేస్తుంది.

ఎమ్-ఈ-ఎన్-జడ్-ఐ-ఈ-ఎస్ ను "మింగిస్" అంటారేంటి?

ఇది గాలిక్ రాత కాదు, స్కాట్లండ్‌లోనే ఉన్న, ఇంగ్లిష్‌కు దగ్గరి చుట్టమైన స్కాట్స్ అనే భాషది. అక్కడ పూర్వం 3 అంకెను పోలిన "యోఖ్" అనే అక్షరం ఉండేది. అచ్చుయంత్రాలు వచ్చాక ఆ అచ్చుదిమ్మ లేక జడ్ వాడారు. పలుకు పాతదే మిగిలింది, రాత మారింది. ఈ పేరే ఉన్న రాజకీయ నాయకుడు మింగిస్ క్యాంప్‌బెల్‌ను "మింగ్" అని పిలిచేవారు అందుకే.

వెల్ష్‌లో రెండు ఎల్‌లు ఎలా పలకాలి? "ల్ల" అనొచ్చా?

"ల్ల" కాదు. "ల" అనడానికి నాలుక పెట్టినట్టే పెట్టండి. గొంతు పలికించకుండా నాలుక పక్కల నుంచి గాలి ఊదండి. పొయ్యి మీద తడి పడ్డ చప్పుడులా వస్తుంది, అదే. లనెల్లీ, లండద్నో వంటి ఊళ్ళ పేర్లలోనూ, లెవెలిన్ వంటి పేర్లలోనూ ఇదే. తెలుగులో దీనికి అక్షరం లేదు. రాసేటప్పుడు "ల"తో సరిపెట్టుకోవచ్చు, నోటితో మాత్రం ప్రయత్నించండి.

మిగతావి తేలిక. ఒక ఎఫ్ "వ", రెండు ఎఫ్‌లు "ఫ". రెండు డి లు కలిస్తే ఇంగ్లిష్ "దిస్"లోని ద. డబ్ల్యూ చాలాచోట్ల అచ్చు, "ఉ". డి-ఏ-ఎఫ్-వై-డి-డి: దావిద్. ఎస్-ఐ తర్వాత అచ్చు వస్తే "ష": షాన్, ఇక్కడ ఆడపిల్ల పేరు.

వేల్స్‌లో ప్రైస్, పావెల్ అనే ఇంటిపేర్లు అంత ఎక్కువెందుకు?

వెల్ష్‌లో "ఆప్" అంటే కొడుకు. రీస్ కొడుకు "ఆప్ రీస్". కలిపి వేగంగా అనండి: ప్రీస్, ప్రైస్. ఆప్ హవెల్ నుంచి పావెల్, ఆప్ హ్యూ నుంచి ప్యూ. అచ్చు ముందు "ఆబ్" అవుతుంది, అందుకే ఆబ్ ఓవెన్ బోవెన్ అయింది.

కమ్రి, గమ్రి, రెండిట్లో వేల్స్ పేరు ఏది?

కమ్రి. సరిహద్దు దాటగానే రోడ్డు పక్క బోర్డు మీద "క్రోయ్సో ఇ గమ్రి" అని ఉంటుంది, వేల్స్‌కు స్వాగతం. "ఇ" తర్వాత క కాస్తా గ అయింది. మనకు తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. పరుషం సరళమవుతుంది. వెల్ష్‌లో తండ్రి "తాద్", అతని తండ్రి అనాలంటే "ఐ దాద్". నిఘంటువులో గ కింద మాట దొరక్కపోతే క కింద వెతకండి.

యాభై ఎనిమిది అక్షరాల స్టేషను పేరు నిజంగా ఉందా?

ఉంది, ఆంగిల్సీ దీవిలో. అసలు ఊరి పేరు పొట్టిదే. పర్యాటకుల కోసం 1860లలో దాన్ని సాగదీశారు. వెల్ష్ లెక్కలో జంట అక్షరాలు ఒక్కటే కాబట్టి వాళ్ళకు అది 51 అక్షరాలు.

## మనిషి ఎదురుగా ఉన్నప్పుడు

తప్పు పలుకుతానేమోనని పేరు పెట్టి పిలవడమే మానేశాను. పర్వాలేదా?

అలా చేయకండి. పేరు పిలవకపోవడాన్ని వాళ్ళు దూరం పెట్టడంగా తీసుకోవచ్చు. మొదటిరోజే "మీ పేరు మీరు ఎలా పలుకుతారు?" అని అడగండి. అడిగితే నొచ్చుకున్నవాళ్ళను నేను చూడలేదు. విన్నది వెంటనే తెలుగులో రాసి పెట్టుకోండి. ఇంగ్లిష్‌లో రాసుకుంటే మర్నాటికి మళ్ళీ రాతే కళ్ళను లాగేస్తుంది. మీ పేరును కూడా వాళ్ళకు నిదానంగా పలికి చెప్పండి, "ఎలాగైనా పిలవండి" అనకండి.

అన్నాచెల్లెళ్ళే, కానీ ఇంటిపేర్లు వేరువేరుగా ఉన్నాయి. ఎందుకు?

"ఓ" అంటే మనవడు, వంశంవాడు. "మాక్" అంటే కొడుకు. ఆడపిల్లకు అవి పనికిరావు కాబట్టి "నీ", "నిక్" పెడతారు, వాటి వెనక పేరు మెత్తబడుతుంది. అన్న ఓ మురఖూ అయితే చెల్లెలు నీ వురఖూ. ఇంగ్లిష్‌లో ఇద్దరూ మర్ఫీలే. ఇందులోని ఖ మన ఖ కాదు. హైదరాబాద్‌లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు "ఖాన్" అనేటప్పుడు గొంతులో రాసుకునే శబ్దం.

## తెలుగులో రాసేటప్పుడు, పిల్లలకు పెట్టేటప్పుడు

తెలుగు లిపిలో ఏ పద్ధతిలో రాయాలి?

చెవిని నమ్మండి, రాతను కాదు. "సియోభన్", "నియామ్" అని రాస్తే చదివినవాళ్ళందరికీ తప్పే అందుతుంది. మన లిపికి ఇక్కడ ఒక వరముంది. మెత్తబడ్డ బ, మ లను ఐర్లండ్‌లో దక్షిణాన ఇంగ్లిష్ వి లాగా, పడమర, ఉత్తరాన కొన్ని పేర్లలో డబ్ల్యూ లాగా పలుకుతారు. మన "వ" ఆ రెండిటికీ మధ్యలో ఉంటుంది, ఒక్క అక్షరం ఇద్దరికీ సరిపోతుంది. చివరి తేలిక అచ్చుకు దీర్ఘం పెట్టకండి: ఈఫ, కీవ చాలు.

ఐర్లండ్‌లో పుట్టిన పాపకు రెండు చోట్లా నప్పే పేరు పెట్టాలి. ఏం చూసుకోవాలి?

అమ్మమ్మ నోటా, బడిలో టీచరు నోటా ఒకేలా రావాలి. తార బాగా నప్పుతుంది. మీథ్ కౌంటీలో ఐర్లండ్ పూర్వపు మహారాజుల కొండ పేరు తారా. అను కూడా అంతే. కెర్రీలోని జంట కొండలకు అను అనే దేవత పేరే ఉంది. నీవ్ అందమైన పేరు, కాని ఊళ్ళో అది "నీవు" అయి కూర్చుంటుంది. ఆ సంగతి తెలిసి పెట్టుకోండి.

మగపిల్లవాడికి కిరణ్ అని పెడితే ఇక్కడివాళ్ళు కీరాన్ అని వింటారు, సి తో రాస్తారు. కీరాన్ అంటే నల్లనివాడు. మనకేమో వెలుగురేఖ. నాకు తెలిసిన ఒక కిరణ్ తన బడి సంచి మీద పేరును కె తో పెద్దగా రాసుకుని, కింద తెలుగులో కూడా రాసుకున్నాడు. వాళ్ళ క్లాసులో ఇంకో పిల్లవాడు సి తో కీరాన్. టీచరు పిలిస్తే ఇద్దరూ లేస్తారు.